ఇరవై ఏడో అంశం

మార్చి మొదటి శనివారం, మెయిన్ రాష్ట్రంలో మా చిన్న ఊరు.
బడి వ్యాయామశాలలో మడత కుర్చీలు,
బూట్ల కింద కరిగి మడుగు కట్టిన మంచు,
వెనక బల్ల మీద చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె.
ఊరి గుమాస్తాని నేను. పదహారేళ్ళుగా
ఈ ఊరి మాటల్ని చిట్టాలోకి ఎక్కిస్తున్నాను.

రోడ్ల మీద చల్లే ఉప్పుకి గంటా నలభై నిమిషాలు పట్టింది.
టన్ను ధర మీద ఒకడు, గోతుల మీద ఒకడు,
ఆ ఉప్పు తాగి చచ్చిన తన మేపుల్ చెట్టు మీద ఒకావిడ.
శ్మశానం కంచెకి ఇరవై.
తర్వాత ఇరవై ఏడో అంశం:
“సముద్రాల అవతలి యుద్ధానికి మన సైన్యాన్ని పంపవద్దని
ఈ ఊరు వాషింగ్టన్‌కి విన్నవించుకుంటోంది.”
కొందరప్పటికే కోట్లు తొడుక్కుంటున్నారు.

తీర్మానం తెచ్చింది ఆర్డిత్ పెల్కీ, రిటైరైన సైన్సు టీచరు.
“కొరివితో తల గోక్కోవడం మనకి అలవాటైపోయింది,” అంది,
“కాలేది మాత్రం ఇంకెవరి తలో.”
ఎండ్రకాయల పడవ మెర్ల్ బీల్ కూర్చునే అన్నాడు:
“ఉప్పు ధరే వినని వాషింగ్టన్
యుద్ధం సంగతి వింటుందా?”
నవ్వారు. నవ్వుని చిట్టాలో రాయకూడదు. రాయలేదు.

అప్పుడు లేచింది రొట్టెల కొట్టు సెనాడా.
ముప్పై ఏళ్ళయినా ఆమె ఇంగ్లీషులో
అన్నంలో రాళ్ళలా ఇంకా ఏవో తగులుతాయి.
“మా ఊరి చుట్టూ కొండలు. కొండల మీద ఫిరంగులు.
నీళ్ళ డబ్బాలతో వంతెన దాటేటప్పుడు మా అమ్మ
పరిగెత్తాలో నడవాలో రోజూ కొత్తగా తేల్చుకునేది.
మూడేళ్ళు ఆకాశంకేసి చూశాం.
మీరు ఇలాంటి హాళ్ళలో చర్చించుకుంటున్నారు.
విమానాలు వచ్చిన రోజు నేను చప్పట్లు కొట్టాను.
బాంబుకి చప్పట్లు కొట్టిన పిల్లని నేను.
అమ్మ అప్పటికి లేదు.
ఇంతే. కొట్లో పిండి పులుస్తోంది, వెళ్ళాలి.”
కూర్చుంది. వెళ్ళలేదు.

హీటరు గొట్టం టకటక కొట్టుకుంది చాలాసేపు.
తర్వాత రోలాండ్ ఉలెట్, మంచు తోసే బండి నడుపుతాడు,
స్టీరింగుకి గుండు బిగించుకుని, ఒంటి చేత్తో.
చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పిన్నుతో మడిచి ఉంటుంది.
పదిహేనేళ్ళలో ఈ సభలో రెండుసార్లు మాట్లాడాడు,
రెండూ బ్లేడ్ల గురించే.
మా వైపు కాదు, సెనాడా వైపు తిరిగి చెప్పాడు:
“నేను వెళ్ళినచోటా చప్పట్లు కొట్టారండీ, మొదటి వారం.
ఒకాయన పుచ్చకాయ కోసి పెట్టాడు.
రెండో ఏడు అదే వీధిలో ఓ తలుపు తన్నాను.
లోపల ఆ పుచ్చకాయాయన.
గుర్తుపట్టాడు.
నేను పట్టనట్టు నటించాను.”
మైకు ఎక్కడ పెట్టాలో తెలీనట్టు చూశాడు.
“మీ దగ్గరికి రావలసింది. అక్కడికి వెళ్ళకూడనిది.
ఏది ఏదో ముందే చెప్పగలిగే మనిషి
నాకింకా తగల్లేదు.”

చేతులెత్తమన్నారు.
ఔను, నలభై మూడు. కాదు, నలభై మూడు.
మళ్ళీ లెక్కపెట్టాను. అంతే.
సెనాడా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.
రోలాండ్ మాత్రం రెండుసార్లూ ఎత్తాడు,
ఉన్న ఆ ఒక్కదాన్నే.
నిబంధనల ప్రకారం అవి చెల్లవు.
కొట్టేశాను. నలభై రెండు, నలభై రెండు.
సమానమైతే వీగినట్టే.
“27. చర్చ జరిగింది. పదకొండు నిమిషాలు. వీగింది.”
ఒక్క గీతలో సరిపోయింది.

గుమాస్తాకీ ఒక ఓటుంది.
లెక్కపెట్టే హడావిడిలో మర్చిపోయానని ఇంట్లో చెప్పాను.

ఆ రాత్రి మళ్ళీ మంచు పడింది.
నాలుగింటికి వీధి చివర బ్లేడు గీరుకుంటున్న చప్పుడు,
దాని వెనకే ఉప్పు,
టన్ను అరవై ఎనిమిది డాలర్లది,
మేము బాగా చర్చించి కొన్నది.