నూట అరవై అయిదు

మీరాసాహెబు గారి గాజుబల్ల మీద మూడు జతల క్రాంకులు.
ఒకటి నలుపు. ఒకటి వెండిరంగు.
ఒకటి, ధర వినకముందే
చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించేది.

పి.గన్నవరంలో మధ్యాహ్నం రెండు.
కాలువలు కట్టేసిన నెల.
అక్విడెక్టు కింద వైనతేయ
ఇసుక బయటేసుకుని పడుకుంది.

"కొండల బండమ్మా ఇది," ఆయన నవ్వుతాడు,
"కోనసీమలో కొండేదీ?"

ఉందండీ. పద్దెనిమిది అడుగులది.
పుంతలోంచి ఏటిగట్టు మీదికెక్కే ర్యాంపు.
ఎండరోజు దాన్ని మేకపిల్ల కూడా లెక్కచెయ్యదు.
మూడో హెచ్చరిక వేసిన రాత్రి
అది సబ్బు రాసిన గోడ.
గట్టెక్కడం అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

పేరు వరహాలు. ఔట్‌సోర్సింగ్ లస్కర్ని.
తొమ్మిదో కిలోమీటరు రాయి నుంచి పదిహేను దాకా గట్టు నాది,
అంటే కాపలా నాది.
నా పొడుగు నాలుగడుగుల పది అంగుళాలు.
ఇక్కడ అదే ముఖ్యం.

బండి మొదట నాది కాదు.
పొట్ట తగ్గుతుందని ఏ.ఈ. గారు కొన్నారు,
తగ్గలేదు, బదిలీ అయింది,
లాకుషెడ్డులో బండి మిగిలింది.
ఆయన ఆరడుగుల మనిషి.
సీటు దించాను. హ్యాండిలు దగ్గరకి లాగాను.
క్రాంకుని ఎవరు దించగలరు?
పుట్టుకతోనే నూట డెబ్బై అయిదు మిల్లీమీటర్లు.
ఆరేళ్ళు నా మోకాళ్ళు
ఆయన కాళ్ళతో తొక్కాయి.

పోయిన శ్రావణంలో, పన్నెండో రాయి దగ్గర,
గట్టుకి ఊరివైపు మొదట్లో ఊట.
బొటనవేలంత.
తేటగా వస్తే కూచుని చూడొచ్చు.
బురదగా వస్తే
గట్టు తన్ను తానే మోసుకుపోతున్నట్టు.
లైటు దగ్గరగా పెట్టాను. బురదే.
సిగ్నలు లేదు. ర్యాంపెక్కి లాకు దాకా పోవాలి.
సగం ఎక్కేసరికి
ఎడమ క్రాంకు కాలికిందే ఊడింది.
నలుచదరపు రంధ్రం ఎన్నాళ్ళుగానో అరిగి అరిగి
గుండ్రంగా నవ్వుతోంది.
బండి పడేసి పరిగెత్తాను.
క్రాంకు మాత్రం చేతిలోనే ఉంది,
ఎందుకు పారెయ్యలేదో ఇప్పటికీ చెప్పలేను.
బస్తాలొచ్చాయి. గట్టు నిలిచింది.
పేపర్లో ఫోటో పడింది,
బస్తాలదీ, పక్కన నిలబడ్డవాళ్ళదీ.

"పొడుగుంటే బలమమ్మా, గునపం లెక్క,"
మీరాసాహెబు నలుపుది ముందుకి జరిపాడు.
గునపం నాకు తెలీదా?
మనిషికంటే గునపం పొడుగైతే
తవ్వేది మట్టిని కాదు, నడుముని.

ఆయన టేపు తీశాడు,
తీసి, కోడలిని పిలిచి ఇచ్చాడు.
ఆ పిల్ల నా తుంటి నుంచి మడమ దాకా కొలిచి
అంకె చెప్పింది.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నిచ్చెనేసుకుని పై అరలోంచి
దుమ్ముపట్టిన నాలుగో జత దించాడు.
"నూట అరవై అయిదు. పిల్లల సైజని ఎవరూ అడగరు.
బలం తగ్గుద్ది. పళ్ళు కూడా తగ్గిద్దాం,
ముప్ఫై రెండు తీసి ముప్ఫై వేస్తా.
గుళ్ళు పోసి గ్రీజు పెట్టడం మానెయ్,
నీ బురదకి సీల్డు బేరింగే."

తేడా పది మిల్లీమీటర్లు.
వడ్లగింజ కన్నా కాస్త ఎక్కువ.
గేజిరాయి మీద అంత నీరు పెరిగితే
నేను పుస్తకంలో కూడా రాయను.

జీతం మూణ్ణెల్ల బాకీ.
సగం ఇప్పుడు, సగం ఆ జీతం పడ్డాక.
ఆయన నోటుపుస్తకంలో నా పేరు రాసుకుని
కింద గీత గియ్యలేదు.

అక్విడెక్టు మీద తొక్కి చూశాను.
పై చుట్టు దగ్గర మోకాలు అలవాటుగా
పళ్ళు బిగబట్టింది.
నొప్పి రాలేదు.
మళ్ళీ చుట్టు. మళ్ళీ రాలేదు.
అవతలి ఒడ్డున కొబ్బరిబోండాల బండి దగ్గర దిగి
ఎందుకో కాసేపు కిందికి చూస్తూ నిలబడ్డాను,
ఇన్నేళ్ళూ ఇదింత తేలికా అని
ఎవరిమీదో కోపంగా.

పాత ఎడమ క్రాంకు ఇప్పుడు లాకు దగ్గర
పట్టాకమ్మీ పక్కన తాడుకి వేలాడుతోంది.
ఎర్రనీళ్ళొచ్చినప్పుడు గంట కొట్టడానికి.
దానికి మాత్రం
పొడుగే మంచిది.