కారణం అనే గడి

డిపోకు సీలు పడ్డది గురువారం.
శనివారం పొద్దుగూకేసరికి
మగోళ్ల వార్డుల మంచాలు అయిపోయినయి.
వరండాల చాపలేసినం.

ఒకాయన గోడమీద చీమలేరుతున్నడు,
లేని చీమలను, ఓపిగ్గ.
ఇంకొకాయన సెలైన్ సీసా దిక్కు చూసి
"నురుగు రాలేదేందమ్మా" అంటడు.
ఊట్కూరు దిక్కుకెల్లి వచ్చిన కుర్మయ్యను
మంచం కమ్మికి కట్టేసింది పెండ్లాం, పాత చీరెతోటి.
ముడి వదులుగ ఉన్నది.
గట్టిగ కట్టబుద్ధి కాలేదంట.

డాక్టరు రాసిన గోలీ
కందిగింజంత కూడ ఉండదు.
కేసు షీటుల దాని పేరు రాస్తుంటే
నా చెయ్యి ఆగింది.
డిపో తలుపుకు అతికించిన కాయితంల
ఇదే పేరు చదివిన, నేరం కింద.
అక్కడ బస్తాలకెల్లి గరిటెతోటి
కల్లుల కలిపినోడు పరారీల ఉన్నడు.
ఇక్కడ నేను పూటకొకటి ఇస్తున్న,
వారానికి సగం, ఆ పైవారానికి అందుల సగం,
టైము రాసి, సంతకం పెట్టి.
మందు ఒక్కటే.
లెక్కతోటి ఇస్తే వైద్యం,
లెక్క లేకుంటే
ఏమనాల్నో నాకు మాట దొరకలే.

లెక్క అంటే యాదికొచ్చింది.
మా అమ్మమ్మ ఊరి ఈతవనం నాకెరుకే.
మొవ్వులు ఎండినయి పోను
రెండువందల పది చెట్లు.
గౌండ్ల నర్సిములు మామ ఎండకాలం
ఎక్కి దిగుడే గని, లొట్టి అడుగు తడిసేది కాదు.
ఆ ఊరి పేరుమీద డిపోల
దినాం నాలుగువేల సీసాలు తెగినయి.
మూడో తరగతి పిల్ల చేసే లెక్క ఇది.
జీపుల తిరిగే సార్లకు పదేండ్లు పట్టింది.

నాలుగోనాడు కుర్మయ్యకు సోయొచ్చింది.
నీళ్లు తాగిండు. నన్నే చూసుకుంట అడిగిండు:
"నా నోరు, నా పైసలు అనుకున్న బిడ్డా.
రాళ్లు కొట్టేటోన్ని.
మాపటికి రెండు సీసాలు తాగితే
నడుము నాది కానట్టుండేది.
కలిపినోడు నన్నడగలే.
మూసినోడూ అడగలే.
నడుమ ఇన్నేండ్లు తాగింది
నేనేనా?"

నేను బీపీ చూసిన.
ఎక్కువున్నది. రాసుకున్న.

ఆమె పేరు ఉసేనమ్మ.
మొగని కాళ్లు పిసుక్కుంట, నా మొకం చూడకుండ అన్నది:
"నడుము నొస్తుందని రెండుసార్లు తోలుకొస్తి సిస్టరమ్మా.
చీటీకి ఒక లైను, గోలీలకు ఒక లైను,
ఫొటో తీసే మిషిని కరాబని పట్నం రాస్తిరి.
రెండు దినాల కూలి పాయె.
డిపోడు మంచోడని అంటలేను.
యాళ్లకు తెరిచేటోడు.
ఉద్దెర కూడ ఇచ్చేటోడు."

కిటికీల నుంచి గేటు కనబడుతది.
గేటు ముంగట వైన్స్,
లైసెన్సు అద్దంల పెట్టి, దండేసి.
షట్టరు సగం దించినంక కూడ
కిందికెల్లి చేతులు పోతనే ఉన్నయి, వస్తనే ఉన్నయి.
ఆ లైసెన్సు మీద ఉన్న ముద్రే
డిపో తాళం మీది లక్కల ఉన్నది.
నా చేతిల గోలీల పట్టీ మీద కూడ సర్కారు మాటే:
అమ్మకానికి కాదు.

తెల్లారగట్ల నాలుగున్నరకు గోలీలు లెక్కపెట్టిన.
ఒకటి తక్కువొచ్చింది.
మళ్ల పెట్టిన. ఒకటి తక్కువ.

ఉసేనమ్మ కిందనే పండుకున్నది, చెయ్యి తలకింద.
కొంగు చివరన చిన్న ముడి.
ఈ ముడి మాత్రం గట్టిగున్నది.
ఇంటికి పోయినంక ఏదో ఒక రాత్రి
నడుము మళ్ల ఆయనదే అయితది గద,
దానికేమో.

విప్పమంటే విప్పుతది. ఏడ్వదు కూడ.
అడగాల్సింది నేనే.
వంగిన. ఆమె ఊపిరి ఇనబడ్డది.
మళ్ల లేచి నిలబడ్డ.

స్టాకు రిజిస్టరుల "ఒకటి తక్కువ" అని రాసి
కారణం అనే గడి
ఖాళీగ వదిలిన.
ఏడింటికి డే డ్యూటీ సిస్టరొస్తది.