బూడిదరంగు పొట్లం

పాతపట్నం వాళ్లు పర్లాకిమిడి వస్తారు.
పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం పోతారు.
ఒక షేరాటో దూరం చాలనుకుంటుంది సిగ్గు.
పొద్దున్న తొమ్మిదింటికి మహేంద్రతనయ వంతెన మీద
రెండు ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి.
లోపల ఎవరూ ఎవర్నీ చూడరు.

నా గది పదకొండు.
తలుపు మీద ఒడియాలో ఒక పేరు,
దాని కింద తెలుగులో ఎవరో బొగ్గుతో రాస్తే
ఇంకెవరో చెరిపేసిన పేరు.
నేను ఆ చెరిపిన పేరుకే పలుకుతాను.
సుఖవ్యాధులంటాయి మా కాగితాలు.
పన్నెండేళ్లయింది,
ఈ కుర్చీలో కూర్చుని సుఖం గురించి చెప్పినవాళ్లు లేరు.

దమయంతి గుమ్మంలో నడుంనొప్పి అంది.
కుర్చీలో తలనొప్పి అంది.
లేచి ఫ్యాను ఆపాను.
ఎందుకో, ఆ చప్పుడాగితే గానీ వీళ్లకి మాట రాదు.
"తెల్లబట్టండి. పసుపు తిరిగింది. వాసనేత్తంది.
ఒంటేలుకెల్తే మిరప్పండు రాసినట్టుంతాది."
ఎన్నాళ్లనుంచి?
"రథాలకాణ్ణుంచి."

ఇప్పుడు కార్తీకం.
నాలుగు నెలలు మజ్జిగ తాగింది, వేడి చేసిందని.
వేపనీళ్లు కాచింది. మామిడి తాండ్ర మానేసింది.
మొక్కిన దేవతకి కూడా
రోగం ఎక్కడో చెప్పలేదట, నడుమనే చెప్పిందట.

మా మందులు రంగుల పొట్లాల్లో వస్తాయి.
తెల్లది పుండుకి.
నొప్పిలేని పుండు తనంతట తానే మాయమౌతుంది,
జనం మానిందనుకుంటారు,
అది నెత్తుట్లోకి దిగి కాచుక్కూచుంటుంది.
అందుకే దమయంతి వేలిమీంచి కాదు, చేతిలోంచే
ఒక గొట్టం నెత్తురు తీయించాను.
పరదా వెనక చూసొచ్చిన నర్సు
చేతితొడుగులు విప్పుతూ బూడిదరంగు అంది.
రెండు మాత్రలు. ఇక్కడే, నా ఎదుటే, గ్లాసుడు నీళ్లతో.

మింగింది.
బల్లమీద ఇంకో పొట్లం పెట్టాను.
"ఇదెవులికి?"
మీ ఆయనకి.

కిటికీ అవతల ఎవరో బిస్కట్ పొట్లం విప్పిన చప్పుడు
మా ఇద్దరికీ వినబడింది.

కూర్మయ్య కొమ్ముపని చేస్తాడు.
దున్నకొమ్ముని ఆకురాయితో అరగదీసి
ఒంటికాలి మీద కొంగని నిలబెడతాడు.
కొంగల్ని గడ్డిలో చుట్టుకుని కలకత్తా మేళాకి పోతాడు,
నెలకి వస్తాడు.
"ఆయనకేటీ నేదండి. బాగున్నాడు."
చాలామంది బాగానే ఉంటారమ్మా.
ఇది మొహం మీద అచ్చుపడే జబ్బు కాదు.

చాలాసేపు కొంగు మడతపెట్టింది, విప్పింది.
"సైకిల్ సీటు కవర్లో మాత్రలు సూసేను.
పదిట్లో ఆరు మిగిలున్నాయి.
పాతపట్నం కొట్టు సీటీ.
ఏటని అడిగితే నడుంనొప్పన్నాడు."

ఒకే నొప్పి. రెండు రాష్ట్రాల్లో దాచుకున్నారు.
చీము ఆగిందని నాలుగుతో ఆపేసినట్టున్నాడు.
మిగిలిన రోగం భద్రంగా ఇంటికి తెచ్చాడు.

"తిట్టమంతారా?"
ముందు మింగమను.
ఒకరు మింగి ఒకరు మానేస్తే
మీ మంచానికీ రోగానికీ మధ్య షేరాటో నడుస్తూనే ఉంటుంది.
ఏడు రాత్రులు వేరుగా పడుకోండి.
తరవాత ఇవి. నిరోధ్.
"ఎక్కడియంతే ఏటి సెప్పను?"
సర్కారువారివని చెప్పు.
అప్పుడు నవ్వింది, పళ్లు కనబడకుండా.

పూర్వం ఓ దమయంతికి హంస రాయబారం నడిపింది.
ఈవిడకి నేనిచ్చింది అట్టముక్క.
పేరు లేదు, రోగం పేరు లేదు,
ఒక నంబరూ, గది పదకొండూ.
దాన్ని రవికెలో పెట్టుకుని,
బయట ఆటోల వైపు కాకుండా నడిచే వెళ్లింది.
ఇస్తుందో, చించి మహేంద్రతనయలో కలుపుతుందో
నాకేం తెలుసు.
సగం కార్డులు తిరిగి రావు.

తొమ్మిదోనాడు, మధ్యాన్నం, జనం పలచబడ్డాక
గుమ్మంలో ఒక మనిషి.
గోళ్ల సందుల్లో నల్లటి కొమ్ముపొడి.
చెమటకి మెత్తబడ్డ అట్టముక్క చేతిలో తలకిందులుగా.
"నడుంనొప్పండి" అన్నాడు.

లేచి ఫ్యాను ఆపాను.