వానొచ్చినప్పుడు రండి

మిల్లు మూసేసిన రోజు
చేతులకి జనపనార వాసన తప్ప ఇంకేం మిగల్లేదు.
గేటుకి నోటీసు, నోటీసుకి జిగురు, జిగురుకి ఈగలు.
పదహారేళ్ళు కండెలు మార్చిన వేళ్ళు
మూడు నెలలు ఊరికే ఒళ్ళో కూర్చున్నాయి.

రింగురోడ్డు మీద గొడుగేసుకున్న కుర్రాడొకడు
కరపత్రాల కట్ట చేతిలో పెట్టి
"రోజుకి మూడొందలమ్మా, బేరం కుదిరితే ఆపైన" అన్నాడు.
అలా మొదలైంది.
ఆకలి పేరు మార్చుకుని ఏజెంటయింది, అంతే.

లేఅవుట్ పేరు నందనవనం.
సున్నపు గీతలు, ఎర్రజెండాలు,
అద్దెకి తెచ్చి పాతిన నాలుగు కొబ్బరి మొక్కలు.
తూర్పు ముఖం, నలభై అడుగుల రోడ్డు, బ్యాంకు లోను...
చిలకలా అప్పజెప్పేదాన్ని.
మా మిల్లువాళ్ళు నన్ను చూసే ఆగేవారు,
"అచ్చియ్యమ్మే సెప్తంది కదా" అని.

ఆ మాటే నా కొంప ముంచింది.

ఓ ఆదివారం చొక్కాపు గౌరీసు వచ్చాడు.
బాయిలర్ దగ్గర పనిచేసి కనుబొమలు కాల్చుకున్నవాడు.
పీఎఫ్ డబ్బు పెళ్ళాం పాతచీర ముక్కలో మూటకట్టి తెచ్చాడు.
"నూటిరవై గజాలప్పా. ఏది మంచిదో నువ్వే సూపించు."

నలభై మూడో నంబరు రాయి దగ్గర నిలబడ్డాం.
కాలికింద మట్టి మెత్తగా దిగింది,
రోహిణికార్తెలో.
గట్టువార తుంగ, ఎవరూ నాటని తుంగ.
మా అమ్మ చాపలల్లేది.
తుంగ ఎక్కడ మొలుస్తుందో నాకొకరు చెప్పక్కర్లేదు.
చదునుచేసిన ఎర్రమట్టి కింద
ఓ గెడ్డ కళ్ళు మూసుకుని పడుకునుంది.

వెనక మేనేజరు దగ్గాడు.
గజానికి నా వాటా నూటయాభై.
నాకన్నా ముందే మనసు హెచ్చవేసేసింది:
పద్దెనిమిది వేలు.
పిల్ల నర్సింగు ఫీజు.

"ఒద్దు గౌరీసూ, ఇది గెడ్డ.
వానొచ్చినప్పుడు రా, చూపిస్తాను."

ఆ సాయంత్రమే నా గొడుగు లాక్కున్నారు.

శ్రావణంలో వచ్చాడు, లుంగీ ఎగగట్టి.
నీళ్ళలో నందనవనం బోర్డు
రెండుకాళ్ళ మీద కొంగలా నిలబడి ఉంది.
నలభై మూడో రాయి మీద కప్ప కాపురం.
నవ్వొచ్చింది గానీ నవ్వలేదు;
పక్క నంబరు కొన్నవాళ్ళు
గొడుగు కింద అలాగే చూస్తున్నారు.
వాళ్ళకి కరపత్రం ఇచ్చింది నేనే.

గౌరీసు అడిగాడు, "మరేది కొనమంతావు?"

ఆ ప్రశ్న వెనకాలే నడుస్తున్నాను,
పదకొండేళ్ళయింది.

రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద ఈసీ చదవడం నేర్చుకున్నాను,
అడంగల్లో కొట్టివేసిన పేర్లు,
తర్వాత ఎవరో దిద్దిన సర్వే నంబర్లు.
కాయితంలో దొరకనివి గొర్రెలకాపరి తాతని అడిగాను.
ఏ వాగు ఎటు పారేదో చెప్పాడు,
పిల్ల పాత నోటుబుక్కులో రాసుకున్నాను.
అందులో కొన్ని నీళ్ళ పేర్లు
ఇప్పుడు అపార్టుమెంట్ల కింద ఉన్నాయి.

నాకు ఆఫీసు లేదు.
దాసన్నపేటలో టీకొట్టు బల్ల, ఒక మూల.
కొనమన్నదానికి ఒక శాతం తీసుకుంటాను,
వద్దన్నదానికి తీసుకోను.
వద్దనే ఎక్కువ చెప్తాను,
అందుకే ఇప్పటికీ అద్దింట్లో ఉంటున్నాను.

అద్దిళ్ళూ చూపిస్తాను.
ఇంటివాళ్ళు ఫోనులో మొదట అడిగేది
"ఏటోళ్ళమ్మా వాళ్ళు?" అనే.
"ఒకటో తారీకున అద్దె కట్టేవోళ్ళు" అంటాను.
కొందరు పెట్టేస్తారు.
పెట్టెయ్యనివాళ్ళ నంబర్లు విడిగా ఉంచుకున్నాను,
తక్కువే, అయినా పెరుగుతున్నాయి.

గౌరీసు మెరకమీద రెండు గదులు వేసుకున్నాడు.
గృహప్రవేశం నాడు పాలు పొంగకముందే
నా చేతికి బిందె ఇచ్చి "పొయ్యప్పా" అన్నాడు.
గుమ్మం ముందు ఒలకబోశాను.
నీళ్ళు ఒక్కక్షణం తడుముకుని
వీధివైపు దారి పట్టాయి.
నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
దేవుడి సంగతి నాకు తెలీదు.

నిన్న ఎవరో అమ్మాయి ఫోను, కొత్త టీచరట.
"స్థలం ఎప్పుడు చూద్దాం ఆంటీ? ఎండ తగ్గాకా?"

మూడు లాంతర్ల వైపు మబ్బు కమ్ముకొస్తోంది.
"ఇప్పుడే బయల్దేరమ్మా" అన్నాను,
చెప్పులు చేతిలోకి తీసుకుంటూ.