ఏడో గడి

సిరొంచ బస్టాండు పక్కన నా జిరాక్సు కొట్టు.
వానకు కరెంటు పోయి మిషను చల్లబడ్డ మధ్యాహ్నం
ఒక యూనిఫాం వచ్చి చూరు కింద నిలబడింది.
ఛాతీ మీద పేరు, గ్రిక్‌సెంగ్ మోమిన్.

బదిలీ దరఖాస్తు, అన్నాడు హిందీలో.
తర్వాత కాసేపు నీళ్లు నమిలి,
"మీ ఊళ్లో అందరి వెనకా
మా జాతి పేరెందుకు తగిలిస్తారు?
డాక్టరు గారో, లైన్‌మన్ గారో,
నిన్న ఆ పోస్టు ముసలాయన కూడా గారో."

అది గౌరవం బాబూ, అని నవ్వాను.
అతను నవ్వలేదు.
గౌరవమా, అని ఆ మాటను
వేడి చాయ్‌లా ఊదుకున్నాడు.

"మాకది కింది వాళ్లు పెట్టింది.
పత్తి అమ్ముకోను మొదట కొండ దిగిన గుంపు పేరు గారా అట.
దూది కొన్నవాళ్లు వెనకున్న కొండలన్నిటికీ అదే రాసుకున్నారు,
లెక్క పుస్తకంలో చోటు కలిసొస్తుందని.
అది కాదంటుంది మా అమ్మమ్మ. ఆమెది వేరే కథ."

మరి మీకు మీరు?

"ఆచిక్ మాందే.
ఆచిక్ అంటే కొండ. మాందే, మనిషి."

మా దగ్గర మంది అంటాం, అన్నాను.
చుట్టరికం కలవదని తెలుసు. కలిపాను.

బెంచీ చివర మాడియా ముసలాయన
వెదురు మొలకల బుట్ట మీంచి చెయ్యి తీయకుండానే అన్నాడు:
"మేమూ అంతే. కోయితోర్. మనిషి.
గోండు అన్నది మీరు,
కొండ అన్న మాటే నలిగి నలిగి అట్లయిందంటారు."
మీరు అన్నప్పుడు నా వైపు చూశాడు.
నేను స్విచ్చు వైపు చూశాను.

గడ్చిరోలి ఆఫీసులో నేను తెలంగీని.
ప్రాణహిత దాటి చెన్నూరు పోతే మరాఠోడొచ్చిండంటారు.
ఇంట్లో మేమేమనుకుంటామో ఎవరూ అడగలేదు.
అడిగితే ఇవ్వడానికి నా దగ్గర మాట లేదు.
ఇది వాళ్లకు చెప్పలేదు.

కరెంటొచ్చింది. మిషను దగ్గింది.
మోమిన్ అంటే, అని మొదలుపెట్టబోయాను.
"మా అమ్మ ఇంటిపేరు" అని చెయ్యెత్తాడు,
ఊరూరా అదే చెప్పి అలసిన చెయ్యి.

ఏడో గడి, తెగ.
వేలెడంత చోటు.
గారో అని రాయమన్నాడు తనే.
వేరేది రాస్తే తిరిగొస్తుందట.

పది రూపాయలు బల్ల మీద పెట్టి,
వానలోకి ఒక కాలు వేసి, వెనక్కి తిరిగి,
"వస్తాను గారో" అన్నాడు.

నన్నా, ముసలాయన్నా?
ముసలాయన అప్పటికే బుట్ట నెత్తినెత్తుకుని
రోడ్డు సగం దాటాడు.