మైకు వద్దన్న రాత్రి

మైకులు వద్దన్నారు.
పదహారు పెట్టెలు, నాలుగు కొమ్ములు,
రెండు ఆటోల్లో తెచ్చిన తీగచుట్టలు
అన్నీ దించినాక వద్దన్నారు.
తొంభై మంది వాయిస్తారంట, నూటిరవై మంది పాడతారంట,
గొంతుకు గొంతే మైకంట.
బాడుగ మాత్రం ఇస్తామన్నారు,
చప్పుడు చేయకుండా ఉన్నందుకు.

నా పేరు హుసేనప్ప.
కడపలో నా గొంతు వినని సందు లేదు.
తప్పిపోయిన పిల్లకాయలను, ఓట్లను,
ఉరుసు బస్సులను, సగం ధర చీరలను
ముప్పై ఏండ్లు అరిచి పిలిచినోణ్ణి.
ఆ పొద్దు నాకిచ్చిన పని
ఫ్యాన్లు ఆపించడం,
జనరేటరు మీద తడి గోనెలు కప్పడం,
గేటు కాడ చెరుకురసం మిషను గజ్జెలు విప్పించడం.

అంతమందికి చాలే హాలు లేక
పసుపు గోదాములో కుర్చీలేసినారు.
కింద నల్లబండలు, పైన రేకులు.
ఎన్ని పంటల పసుపో గోడల్లోనే ఉండిపోయింది.
ఫిడేలామె ఒకతె తుమ్మి, నవ్వి,
కమానుకంటిన పసుపు చూసి
తుడవకుండా వదిలేసింది.

వాయించేవాళ్ళు సముద్రాలవతలోళ్ళు.
పాడేవాళ్ళు మనోళ్ళే:
జమ్మలమడుగు నర్సు కరుణమ్మ,
ముద్దనూరు ఫిట్టరు దానియేలు,
మైదుకూరు లెక్కల అయ్యవారు,
చెక్కభజన గుంపు నుంచి ఆరుగురు,
ఇంటర్ తప్పిన నా తమ్ముని బిడ్డ మస్తానమ్మ.
పాటకు అర్థమేందే అంటే
"ఏదో తెల్లవారేది పెదనాయనా" అనింది.

పరాయి మాటలు తెలుగులో రాసుకున్నారు నోటుపుస్తకాల్లో.
ఒక్కటే తంటా.
వాళ్ళ మాట హల్లు మీదనే నిలబడిపోతుంది.
మన నోరు అట్ల నిలబడదు,
చివర ఒక ఉకారం ఏసుకోనిదే కూర్చోదు.
ముందుగా వచ్చి నేర్పిన కర్రాయన
"ఆ ఉ తీసేయండి, ఆ ఉ" అని
నాలుగు నెలల ఆదివారాలు
రెండు వేళ్ళతో గాలిని కత్తిరించినాడంట.
బస్సు, రోడ్డు, పెన్ను, బల్బు అని పెరిగిన నాలుకలు.
పొల్లంటే మాకు గింజ లేని కంకి.
అయినా నేర్చుకున్నారు, ఎట్లనో.

మొదలయింది.
మొదటి భాగమంతా పాడేవాళ్ళు కూర్చునే ఉన్నారు.
రెండో భాగమంతా.
మూడో దాంట్లోనూ.
నాకు నవ్వొచ్చింది,
ఇస్త్రీ బట్టలేసుకుని ఇంత దూరమొచ్చి
గమ్మునుండేదానికా అని.
పక్కన నా పదహారు పెట్టెలు చూసుకున్నా.
నవ్వు పోయింది.

ఎడమ చెవి ఎప్పుడో కొమ్ముల కింద పోయింది నాకు.
చెప్పులిడిచి బండ మీద పాదం పెట్టినా.
మనిషంత ఫిడేళ్ళు ఎనిమిది
రాయిలోంచి వచ్చినాయి,
మడమలోకి, మోకాలిలోకి,
ఎర్రగుంట్ల గనిలో మా నాయన సమ్మెట
మళ్ళా ఎవరో ఎత్తినట్టు.

అప్పుడు లేచినారు.
కుర్చీ ఒక్కటి కిర్రుమనలేదు.
ఆ తర్వాత జరిగింది చెప్పేదానికి నాకు రాదు.
రేకులు వణికినాయి. దుమ్ము రాలింది, పచ్చగా,
వాయించేవాళ్ళ నల్లకోట్ల మీద.
మస్తానమ్మ నోరు అంత పెద్దదని నాకు తెలీదు.

చిట్టచివరి మాట కాడ,
వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగే చోట,
ఆ ఉ వచ్చేసింది.
ఒకరిది కాదు, నూటిరవై మందిదీ.
చిన్న ఉ, దూడ ఊపిరంత,
గోదాము చూరు దాకా పోయి
తీరుబడిగా దిగింది.

కర్రాయన చేతులు పైనే ఉండిపోయినాయి.
ప్లగ్గుబోర్డు కాడి నుంచి పక్కగా చూసినా ముఖం.
కోపమనుకున్నా.
కాదు,
తెలియని ఊళ్ళో ఎవరో ఇంటిపేరు పెట్టి పిలిస్తే
తిరిగి చూసేటోని ముఖం.

"చెడగొట్టినాం పెదనాయనా," ఆటోలో ఏడ్చింది మస్తానమ్మ.
నేనేమీ అనలేదు. పెట్టెలు పడకుండా పట్టుకున్నా.

మరునాడు బద్వేలు రోడ్డులో టమాటా బండికి ప్రకటన.
మైకు నోటి కాడికి తెచ్చుకుని
కొంచేపు అట్లే ఉన్నా.
"ఏమన్నా, కరెంటు లేదా?" అన్నాడు బండాయన.
ఉందిలే, అన్నా.