మూడో చెక్క

కండలేరులో మా రేవు
ఒకచోట నిలవదు.
మద్రాసులో ఎవరో కొళాయి తిప్పితే
ఇక్కడ మా రేవు నాలుగు జానలు దిగుతుంది.
ఎండాకాలమంతా నీళ్ల వెనకాలే నడుస్తాం
డ్రమ్ములు విప్పుకుని, దూలాలు భుజానేసుకుని.
పోయినేడు పడవ కట్టేసిన గుంజ
ఇప్పుడు తుమ్మచెట్ల మధ్య, గట్టున.
మేకలు వీపు గోక్కుంటాయి దానికి.

ఆరు నీలం డ్రమ్ములు.
ఒకదాంట్లో ఇంకా పురుగుమందు వాసన,
పొదలకూరు నిమ్మతోటలోంచి వచ్చింది అది.
తొమ్మిది చెక్కలు, రెండు తాటి దూలాలు,
బోల్టులు ఎన్నో తుప్పుకే తెలియాలి.
బోల్టు తిరక్కపోతే కిరసనాయిలు,
అప్పటికీ తిరక్కపోతే తిట్లు,
తిట్లకీ లొంగకపోతే రంపపు బ్లేడు.
ఈ వరస మా మామ రవణయ్య నేర్పింది.
ఆయన తిట్లు మాత్రం నాకు సగమే పట్టుబడ్డాయి.

ఈసారి కొత్త పడవ మస్తానమ్మది.
ఎనిమిదేళ్లు ఒడ్డున తక్కెడ పట్టుకుని
మేం తెచ్చినదానికి ధర కట్టిన మనిషి.
"తూచింది చాల్లే చెంచురామా,
ఇంక పడతా" అనింది.
సొసైటీ కార్డు మీద ఫోటోలో కూడా
ముల్లు ఎటు మొగ్గిందా అని చూస్తున్నట్టే ఉంది.

కొత్తదంటే ఆమెకి కొత్త.
సోమశిల నుంచి ట్రాక్టరు మీద వచ్చింది
వెల్లకిలా, ఆకాశానికి నోరు తెరుచుకుని.
బోర్లిస్తే అడుగున జానెడు చీలిక.
"ఇంతేనా?"
"మునగడానికి ఇంతే చాలు."
కొబ్బరి పీచు పేనాం, గుగ్గిలం కరిగించాం,
ఉలి మొండివైపుతో సందుసందుకీ కూరాం.
రెండు పూతలు తారు.
రెండోది ఆరేలోపు ఒక తూనీగ వాలింది.
ముక్కు దగ్గర ఇప్పటికీ ఉంది, రెక్కలతో సహా.
గీకబోతే ఊరుకోలేదు.

సామాను తనే ఎక్కించింది.
నాలుగేళ్లు దూరే కన్నున్న వల,
బొచ్చె పిల్లలు జారిపోయి పెద్దవై రావాలని.
బెండ్లకి హవాయి చెప్పులు కోసింది.
ఒక జత మగమనిషి కొలత. నేనేం అడగలేదు.
సీసానికి డబ్బుల్లేక మట్టిగుండ్లు, పొయ్యిలో కాల్చినవి.
నీళ్లు తోడేందుకు సగానికి కోసిన నూనెడబ్బా,
సంచిలో చుట్టిన అగ్గిపెట్టె, ఉల్లిపాయ, చద్దన్నం.
తెడ్లు రెండు: ఒకటి వేపది,
ఒకటి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వీపు.
లంగరుకి మాత్రం
తన ఐదు కేజీల తూకపురాయి.

అన్నీ అయినాయి గదా అని
స్పానరు పట్టుకుని రేవెక్కాను.
మూడో చెక్క. ఆరేళ్లుగా వదులు.
ప్రతి ఏడూ నేను 'రేపు' అని దాటేసే చెక్క.
బోల్టు దూర్చేలోపు మణికట్టు పట్టుకుంది.

"దాని జోలికి పోబాక.
రాత్రిళ్లు చీకట్లో కూర్చున్నదాన్ని,
దీని గొంతుతోనే మిమ్మల్ని ఎరుగుదు.
నువ్వెక్కితే రెండుసార్లంటాది, కుంటుతావు గదా.
బరువుగా మూలిగితే బుట్ట నిండినట్టు.
ఊరికే టక్కుమంటే ఏమీ పడలేదని,
అప్పుడు ధర మాటెత్తకుండా టీ పోసేదాన్ని.
అసలు చప్పుడే చెయ్యకుండా దాటినోడు
వలల దొంగ.
వాడికీ తెలుసు ఈ చెక్క సంగతి."

నాకు తెలియదు.
ఆరేళ్లు దాన్ని తొక్కిన కాలు నాదే,
విన్న చెవి నాది కాదు.
స్పానరు జేబులో వేసుకున్నాను.

తెల్లారుజామున నాలుగింటికి
చెక్క ఒక్కసారి అనింది.
ఆ తర్వాత తెడ్డు చప్పుడు, ఒకటి వేపది,
ఒకటి కుర్చీది, రెండూ కలవడం లేదింకా.

ఒడ్డున తక్కెడ పెట్టుకుని
ఇవాళ నేను కూర్చున్నాను.
ఐదు కేజీల రాయి నీళ్ల మీద పోయింది,
నా దగ్గర రెండూ, ఒకటీ, అరా మిగిలాయి.
ఎంత తెచ్చినా
కొంచెం కొంచెంగానే తూచాలి.